సర్వర్ నిద్ర లేచే వేళ

నాకు పొగరెక్కువని మా అవ్వ అంటుంది. పని వచ్చినవాళ్లకు ఆ మాత్రం ఉండాలని నేనంటాను. పాలమూరులో జాహేదా మేడం నడిపే రక్తపరీక్షల ల్యాబులో కంప్యూటర్లన్నీ నా చేతి కిందే. ఆ మాట రోజుకు రెండుసార్లైనా ఎవరికో ఒకరికి చెబుతుంటాను.

ల్యాబుకు ఒకే సర్వర్. ఏ మిషను ఏ నిమిషాన ఏం చేసిందో అంతా ఒక ఫైల్లో రాసుకుంటూ పోతుంది. దాన్నే లాగ్ అంటారు. ఎవరూ పట్టించుకోకపోతే అది పెరిగి పెరిగి డిస్కునంతా తినేస్తుంది, రిపోర్టులు ఆగిపోతాయి. రెండు నెలల్లో రెండుసార్లు అలాగే ఆగాయి. రెండోసారి, నెలలు నిండిన ఒకామె రిపోర్టు కోసం బెంచీ మీద మూడు గంటలు కూర్చుంది. ఆమె ముఖం చూడలేక నేను లోపలికి పోయాను.

"మూడోసారి ఆగిందంటే హైదరాబాదు కంపెనీకి అప్పజెప్త. నువ్వు వేరే జాగ చూస్కో," అంది మేడం.

"ఇగ ఆగదు మేడం," అన్నాను.

ఆ రోజే లాగ్ రొటేషన్ పెట్టాను. రోజూ అర్ధరాత్రి పన్నెండుకు నిండిన ఫైలు పక్కకు జరుగుతుంది, కొత్తది మొదలవుతుంది. వారం దాటినవి వాటంతటవే పోతాయి. చేత్తో ఒకసారి నడిపి చూస్తే చక్కగా నడిచింది. సర్వర్ గది తలుపుకు కాగితం కూడా అంటించాను: 'ప్రవళికను అడగకుండా ఎవరూ ముట్టుకోవద్దు.'

పద్దెనిమిది రోజుల తర్వాత చూస్తే డిస్కు తొంభై నాలుగు శాతం నిండి ఉంది. రొటేషన్ ఒక్కరోజు కూడా నడవలేదు. ఎందుకో తెలియక చివరికి ఆ లాగునే చదివాను. రోజూ సాయంత్రం ఏడుంబావుకు రాత ఆగిపోతోంది, మళ్లీ పొద్దున ఎనిమిదికి మొదలవుతోంది. నడుమ ఒక్క అక్షరం లేదు.

ల్యాబుకు తాళం పెట్టేది వాచ్‌మన్ భిక్షం కాక.

"కాక, రాత్రి సర్వర్ బంద్ చేస్తున్నవా?"

"రోజూ చేస్త. నీకంటే ముందు ఈడ కంప్యూటర్లు చూసిన సారు చెప్పినట్టే బటన్ నొక్కి, లైట్లు ఆరినంక మెయిన్ బంద్ పెడ్త."

"తలుపు మీద కాయితం చూడలేదా?"

"నాకు చదువొస్తదా బిడ్డా?"

నాకు ఒళ్లు మండింది. "అది దానంతటదే పని చేసుకునేది కాక. ఆటోమేటిక్."

"నా బోరుకు గూడ ఆటో స్టార్టరే పెట్టిన," అన్నాడాయన నెమ్మదిగా. "కరెంటు రాంగనే అదే నడుస్తదని ఇంట్ల పండుకున్న. బోరుల నీళ్లు ఒడిసినయ్. మోటరు ఉత్తగ తిరిగి తిరిగి కాలిపోయింది. గట్ల రెండు మోటర్లు పోయినయ్. మనిషి లేని తాన నడిచేదాన్ని నేను నమ్మ."

విసవిసా మేడం గది దాకా నడిచాను. కాక పేరు చెబితే చాలు, నా ఉద్యోగం నిలుస్తుంది, ఆయనది పోతుంది. తలుపు మీద చెయ్యి వేసి ఆగిపోయాను. రోజూ ఐదున్నరకే బ్యాగు తగిలించుకుని బస్సెక్కే నేను, రాత్రి ఈ సర్వర్ మేలుకుని ఉంటుందా అని ఎవరినైనా అడిగానా? చాలా సిగ్గేసింది.

వెనక్కి వచ్చి పేరుకుపోయిన పాత లాగును తీసేసి, టైము మార్చాను. ఇక సర్వర్ లేచిన పది నిమిషాలకు రొటేషన్. ఆ తర్వాతే మేడం దగ్గరికి వెళ్లాను.

"తప్పు నాదే మేడం. పండుకున్నదానికి పని చెప్పిన."

జరిగింది మొత్తం విని ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నీ నోట గీ మాట మొదటిసారి వింటున్న. రేపు పొద్దుగాల నా ముంగట నడిపి చూపియ్యి."

తెల్లారి ఎనిమిదికి భిక్షం కాక మెయిన్ వెయ్యబోతుంటే చెప్పాను. "నువ్వు స్విచ్ వేస్తేనే అది షురూ అయితది కాక. నువ్వు లేకుంటే నడవదు."

"అట్లయితే నమ్ముత," అని వేశాడు.

ముగ్గురం నిలబడి చూశాం. ఎనిమిదీ పదికి పాత ఫైలు పక్కకు జరిగింది, కొత్తది తెరుచుకుంది. కాక వంగి సర్వర్‌ను వాసన చూసి, "కాలిన వాసన లేదు," అన్నాడు. మేడం పర్సులోంచి హైదరాబాదు కంపెనీ విజిటింగ్ కార్డు తీసి, చించి బుట్టలో వేసింది.

తలుపు మీది కాగితం కింద ఇంకో లైను రాశాను: 'భిక్షం కాకను అడగకుండా ప్రవళిక కూడా ముట్టుకోవద్దు.' ఆయనకు చదివి వినిపించాను. ఇంకోసారి చదవమన్నాడు.