చెరిపేసిన సమాధానాలు

...తప్పు ఎవరిదైనా చివరికి వచ్చి వాలేది ఎలాగూ తన మీదే. కానీ ఈసారి నిజంగానే తనది. బఠాణీలు ఒలుస్తున్న వేళ్లు ఆగిపోయాయి.

ముందుగదిలో భర్త కూతుర్ని నిలబెట్టి అడుగుతున్నాడు. "పుస్తకంలో చేస్తే నలభైకి ముప్పై ఆరు. నమూనా పరీక్షలో పద్దెనిమిదా? మధ్యలో ఏ దెయ్యం పట్టిందే నీకు?"

ఆ దెయ్యం వంటింట్లో బఠాణీలు ఒలుస్తోంది.

కూతురి కాలేజీ ప్రవేశపరీక్ష కోసం పాత పుస్తకాల కొట్టులో కొన్న వ్యాకరణం పుస్తకం అది. కూతురు బడికి వెళ్లగానే ఆమె తెరిచేది. మంట తగ్గించి ఒక పేజీ, బట్టలు ఆరేసి వచ్చి ఇంకో పేజీ. సరైన జవాబనుకున్నదానికి పెన్సిలుతో సున్నా చుట్టి, వెనక పేజీల్లో సరిచూసుకుని, సాయంత్రానికి అన్నీ చెరిపేసేది. పెళ్లయిన కొత్తలో కాలేజీ ఊసెత్తితే అత్తగారు నవ్వుతూనే అన్నారు, "చదివింది చాలమ్మా, ఇక్కడ నీకెవరూ పరీక్షలు పెట్టరులే." మరి ఇరవై ఏళ్లుగా రోజూ పెడుతున్నవేమిటో!

చెరిపింది కానీ, ఆమెది బరువైన చేయి. గిన్నె తోమినా, గీత గీసినా నొక్కి పట్టడమే అలవాటు. కాగితం మీద సున్నాల పల్లాలు మిగిలిపోయాయి. ఎవరో పాత యజమాని గుర్తులనుకుంది పిల్ల. పేజీని కిటికీ వెలుగుకు ఏటవాలుగా పట్టుకుని వాటినే దించేసుకుంటుంటే, పది రోజుల క్రితం ఆమె గుమ్మంలోంచి చూసింది. చూసి, నోరు మెదపలేదు. చెబితే తన గుట్టు బయటపడుతుంది. అంతే అయితే తనని తాను క్షమించుకునేదేమో. భర్త రోజూ మార్కులు పైకి చదువుతుంటే, ముప్పై నాలుగు, ముప్పై ఆరు, ఆమె ఒళ్లు పులకరించేది. కూతురి కోసం కాదు. అవి తన మార్కులు. కన్నపిల్ల గోతిలోకి జారుతుంటే తల్లి ఆ గోతి లోతు చూసుకుని మురిసిపోయింది.

"తల్లి పోలిక, ఏం చేస్తాం!" భర్త నిట్టూర్చాడు. "బుర్రకెక్కదు. ఈ ఏడాది పరీక్ష మానెయ్, ఇంట్లో పని నేర్చుకో."

ఆమె చేతులు తుడుచుకుని ముందుగదిలోకి వచ్చింది.

"దాని బుర్రకేం కాలేదండీ. నేను చెరిపేసిన జవాబులు చూసి రాసింది. చూస్తూ కూడా ఊరుకున్నాను. ఆ ముప్పై ఆరూ నావి."

"నీవా? నీకెందుకే వ్యాకరణం?"

"పరీక్ష రాయడానికి."

భర్త నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. కూతురు తలెత్తింది. ఆ చూపులో కోపం ఉందో, క్షమ ఉందో ఆమె వెతకలేదు. వెతికే హక్కు ఇంకా రాలేదనిపించింది.

"పద్దెనిమిది నీవేనమ్మా, నిక్కంగా నీవి," అంది. "అక్కణ్ణుంచి మొదలుపెడదాం."

"మరి వంటో?" అన్నాడు భర్త.

ఆమె కుర్చీ లాక్కుని, కూతురి పక్కన కూర్చుంది.