పాకం మేస్త్రి జబ్బ మీద పద్నాలుగు రోజులు

నేను ఒక షుగరు కొలిచే బిళ్లను. మింగే బిళ్లను కాను. జబ్బకు అతుక్కుని, వెంట్రుకంత తీగను చర్మం కిందికి దింపి, ఒంట్లో చక్కెర ఎంతుందో ఎప్పటికప్పుడు చెబుతుంటాను. నా ఆయుష్షు పద్నాలుగు రోజులు. అందులో పదమూడు తిట్లు తినడానికే సరిపోయాయి.

పుట్టింది ఎక్కడో, మనిషి చెయ్యి తగలని గదిలో. చేరింది గోదావరి జిల్లాలో కాజాల కొట్టు పాకం మేస్త్రి పాపారాయుడి దగ్గరికి. ఆయన కళ్లలో శుక్లాలు ముదిరాయి. షుగరు దిగితేనే ఆపరేషన్ అని డాక్టరమ్మ నన్ను అతికించి పంపింది.

మొదటిరోజే మూడొందలు దాటింది. సాయంత్రం ఆయన భార్య వరహాలమ్మ ఫోను నా దగ్గర పెట్టి, అంకె చూసి గుండె బాదుకుంది.

"ఏం తిన్నారండీ?"

"నువ్వు కట్టిన కొర్రన్నమేనే. స్వీటు ముట్టి ఆరేళ్లయ్యింది. ఈ బిళ్లే దొంగది!"

ఆయన అబద్ధమాడలేదు. నాకు ఒళ్లు మండేది అందుకే. పాకం తీగ పడిందో లేదో వేళ్ల మధ్య సాగదీసి కళ్లతో చూడాలి. ఆ తీగ ఆయనకు ఆనడం లేదు. అందుకని గుట్టుగా వేలు నోట్లో పెట్టుకుని, అంగిట్లో నొక్కి జిగురు చూస్తున్నాడు. వాయికి పదిసార్లు, రోజుకు ఎనిమిది వాయిలు. ప్రతిసారీ చెయ్యి కడుక్కునేవాడు కూడా, అంత శుభ్రం మనిషి! ఆయన దృష్టిలో అది తినడం కాదు, పని. చూపు లేక నాకడం, నాకి షుగరు పెంచుకోవడం, షుగరు పెరిగి ఆపరేషన్ పోగొట్టుకోవడం. తన కాళ్లకు తనే ఇంత శ్రద్ధగా బంధం వేసుకునే ప్రాణి మనిషి తప్ప ఇంకోటి ఉండదు.

నాకు అంకె ఉంది, నోరు లేదు. రెండొందల తొంభై అని మొత్తుకుంటే వాళ్లు మెంతులు పెంచారు, అన్నం తగ్గించారు, నన్ను నొక్కి నొక్కి చూశారు.

పదమూడో రోజు ఆయన క్యారియర్ మరిచిపోతే వరహాలమ్మ కొట్టుకు తెచ్చింది. వెనక గుమ్మంలో నిలబడి చూసింది. మూడోసారి వేలు నోట్లోకి వెళ్లగానే కేకేసింది.

"అదేంటండీ నోట్లో?"

"పాకమేనే. చూడొద్దా?"

"కళ్లతో కదా చూడాలి!"

ఆయన గరిటె ఆపాడు. యజమాని వినకుండా, "కనపడట్లేదే. తెలిస్తే రేపట్నుంచి పొయ్యి దగ్గరికి రానివ్వరు" అన్నాడు. ఆ మాటతో పదమూడు రోజుల నా కోపం ఎటు పోయిందో నాకే తెలియదు.

వరహాలమ్మ కొంగు బొడ్లో దోపుకుని పక్కన నిలబడింది. ఆయన సాగదీస్తుంటే ఆవిడ చూసి, "ఇంకా లేదండీ... ఆఁ, పడింది" అని గొణిగింది. ఏంటమ్మా ఇక్కడున్నావని యజమాని అడిగితే, "పని నేర్చుకుంటున్నానండి" అంది.

పద్నాలుగో రోజు నూట నలభై దాటలేదు. డాక్టరమ్మ పదమూడు రోజుల అంకెలకు తల అడ్డంగా ఊపి, చివరి రోజు అంకె దగ్గర ఆగింది. ఇంకో రెండు వారాలు ఇలాగే ఉంటే చేసేద్దామంటూ కుడి జబ్బకు కొత్త బిళ్ల అతికించింది. ఇక మంచి అంకెలన్నీ దానివే.

"ఆపరేషనైతే తీగ కనపడుద్దాండీ?" అనడిగాడు పాపారాయుడు.

ఏ తీగో డాక్టరమ్మకు అర్థం కాలేదు. నాకు తెలుసు. కానీ అప్పటికే నన్ను పీకి చెత్తడబ్బాలో పడేశారు.