చెరిపేసిన ఎర్రచుక్కలు

“మా తమ్ముడి వేళ్ళు తిన్నది చలి కాదు, మీరే!”

ఆ చలిసీమ వాతావరణ కేంద్రంలో పటాలు గీసే అక్క పెద్దసారు బల్ల మీద ఒక పల్చటి చేతితొడుగు విసిరికొట్టింది. ఈ ఏడు చలి అంతంతమాత్రమేనని కబురు వెళ్ళింది ఈ గదిలోంచే. అది నమ్మి కరెంటు కంపెనీ లైన్‌మన్లకు ఈ గుడ్డపేలికలు పంచింది. తమ్ముడు స్తంభమెక్కాడు. దిగేసరికి కుడిచేతి వేళ్ళు కొయ్యబారాయి, ఆనక నల్లబడ్డాయి. ఆసుపత్రిలో తీసేశారు.

“కూర్చోమ్మా. నువ్వన్నట్టు ఎక్కడో ఉత్తరాన సముద్రం వేడెక్కితే ఇక్కడ నేల గడ్డకట్టడమేంటి? వింటే నవ్విపోతారు,” అన్నాడు పెద్దసారు టీ ఊదుకుంటూ.

“నవ్వండి. నవ్వడానికి వేళ్ళక్కర్లేదుగా!”

ఆ కేంద్రంలో ఒక అలవాటుంది. సముద్రంలో తేలుతూ నీటి వేడి కొలిచే బోయా పంపిన లెక్క పాత సగటు కన్నా మరీ ఎక్కువుంటే, యంత్రం చెడిందనుకుని దాని ఎర్రచుక్కను పటంలోంచి చెరిపేస్తారు. ఒక్క బోయా అయితే సరే. చలికాలానికి ముందు ఉత్తరాన ఉన్నవన్నీ ఒకే మాట చెప్పాయి. చెరపనని అక్క మొండికేస్తే, పెద్దసారు తన చేత్తోనే అన్నిటినీ చెరిపేశాడు.

అక్క కంప్యూటర్ తన వైపు తిప్పుకుని చుక్కలన్నీ తిరిగి పెట్టింది. పటం నెత్తురు కక్కినట్టయింది.

“చూడండి. నీళ్ళు వేడెక్కాయి, మంచు పేరుకోలేదు. ధ్రువం చుట్టూ చలికి దడి కట్టినట్టుండే గాలి నీరసించింది. దడి కూలాక చలి మన మీదికి రాక మీ అత్తారింటికి పోతుందా?”

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అక్కకు నవ్వు రాలేదు. ఈ పొద్దున కూడా చుక్కలు ఎర్రగానే వచ్చాయి, మళ్ళీ చెరిపారు. తమ్ముడి ముఠా రేపు కొండ లైను మీదికి పోతోంది, ఇవే తొడుగులతో.

“పద్ధతి మార్చాలంటే కమిటీ కూర్చోవాలమ్మా. వచ్చే నెల...”

మాట పూర్తి కానివ్వలేదు. ఆ తొడుగు ఆయన కుడిచేతికి తొడిగి, కిటికీ బార్లా తెరిచి, బయటి ఇనుప చువ్వకు ఆ చేతిని అదిమి పట్టింది.

“అమ్మో! వదులు, మండుతోంది!”

“మండాలి. ఫోన్ ఎడంచేత్తో తీయండి, మావాడూ ఇప్పుడు అన్నీ ఎడంచేత్తోనే నేర్చుకుంటున్నాడు. కొండ లైను ఆపమని కంపెనీకి చెప్పండి. చలి విరుచుకుపడబోతోందని, చుక్కలు చెరిపింది నేనేనని రేడియోలో మీ నోటితోనే చెప్పండి. వచ్చే నెల కాదు, ఇప్పుడే. చెప్పేదాకా ఈ చెయ్యి వదల్ను.”