దిగే టైము అక్కడిది

బావ లోపలికి వస్తూనే షట్టర్ దించేసి, నా జుట్టు పట్టుకుని మొహం కౌంటరుకేసి కొట్టాడు. పెదవి చిట్లింది. పొద్దున్నే మెరిసేలా తుడుచుకున్న అద్దమంతా నెత్తురయింది.

"మీ అక్కని ఎక్కడికి పంపావే?"

నేను పనిచేసే ట్రావెల్స్‌లోనే అక్కకి విమానం టికెట్ తీశాను. పక్కటెముక విరిగాక కూడా సర్దుకుపొమ్మనడానికి నాకు నోరు రాలేదు. తూర్పున సముద్రం అవతలి నగరంలో, ఆసుపత్రిలో పని దొరికింది. మూడు వేల కిలోమీటర్లు, నాలుగు గంటల ప్రయాణం. ఖర్మ కాలి బావ తమ్ముడు కూడా ఆ ఊళ్లోనే ఏడుస్తున్నాడు.

నేను చెప్పలేదు. చిటికెన వేలు వెనక్కి విరిచాడు. టప్పుమంది. నేను కిందపడి గిలగిల్లాడుతుంటే తనే కంప్యూటర్ తిప్పుకుని అక్క టికెట్ పట్టుకున్నాడు.

"బయల్దేరింది అయిదింటికి. దిగేది పదకొండున్నరకి." గోడ గడియారం చూశాడు. తొమ్మిదయింది. తమ్ముడికి ఫోన్ కొట్టాడు. "ఒరేయ్, మీ వదిన అక్కడికే వస్తోంది. ఇంకా రెండున్నర గంటలుందిలే. తీరిగ్గా తిని ఎయిర్‌పోర్టుకెళ్లు. బయటికి రాగానే ఈడ్చుకెళ్లి గదిలో పడెయ్."

టికెట్ మీద దిగే టైము దిగే ఊరిది. అక్కడి గడియారాలు మనకంటే రెండున్నర గంటలు ముందు. వచ్చిన ప్రతివాడూ ఒక టైములోంచి ఇంకోటి తీసేసి గుండెలు బాదుకుంటాడు, ప్రతివాడికీ విడమరిచి చెప్పడమే నా ఉద్యోగం. ఆ ఒక్కరోజు నోరు కుట్టేసుకున్నాను. అక్క విమానం అప్పుడే నేల మీద వాలుతోంది. పెట్టె తీసుకుని బయటపడడానికి ఓ గంట చాలు.

"ఎక్కింది ఈ విమానమేనా?" కడుపులో తన్నాడు.

"చదువొచ్చుగా. చదువుకో."

ఇంకోటి తన్నాడు. ఇంకో వేలు విరిస్తే అంతా కక్కేస్తానేమోనని భయమేసింది. అందుకే తిట్లు లంకించుకున్నాను. తిడుతున్నంతసేపూ నోట్లో ఇంకో మాటకి చోటుండదు. వాడి ఏడు తరాలనీ కడిగేశాను. వాడూ తక్కువ తినలేదు, బెల్టు తీశాడు. వీపు మంటెక్కిపోయింది.

చివరికి రొప్పుతూ కుర్చీలో కూలబడ్డాడు. చాలాసేపటికి తమ్ముడి ఫోన్ వచ్చింది. గదంతా వినిపించేలా అరుస్తున్నాడు.

"అన్నయ్యా, ఆ విమానం ఎప్పుడో దిగిపోయిందట. ఇక్కడ ఒక్క పురుగు లేదు."

బావ నా మీదికి వంగేసరికి, కౌంటరు మీదుండే ఇనప విమానం బొమ్మ నా చేతిలో ఉంది. కణత మీద ఒక్కటిచ్చాను. బొమ్మ రెక్క ఊడిపోయింది. అక్క పక్కటెముక గుర్తొచ్చి ఇంకోటిచ్చాను. వాడు పడిపోయి మూలగడం మొదలుపెట్టాడు.

వాడు లాక్కున్న నా ఫోను వాడి జేబులోనే మోగింది. అక్క.

"బస్సెక్కానే. మీ బావ అక్కడికేమన్నా వచ్చారా?"

"వచ్చాడు. ప్రయాణం బడలికనుకుంటా, నేల మీదే పడుకున్నాడు."

అక్క నవ్వలేదు. "నిన్ను కొట్టాడా?"

లేదనబోయాను. ఎముక విరిగిన రోజు అక్క నాతో అదే అంది, మెట్ల మీద జారానని.

"కొట్టాడే అక్కా," అన్నాను. అప్పటికి గానీ నాకు ఏడుపు రాలేదు. "చాలా కొట్టాడు. పెట్టెయ్, పోలీసులకి చెప్పాలి."