సుబ్బాయమ్మ కలువగుంట

భార్య సుబ్బాయమ్మ పోయాకగాని పెరట్లో కలువగుంట గంగరాజు కళ్ళబడలేదు. అది ముప్పై ఏళ్ళుగా అక్కడే ఉంది. కాపురానికి వచ్చిన కొత్తలో ఆవిడ పుట్టింటి నుంచి నాలుగు కలువ దుంపలు తడిగుడ్డలో చుట్టి తెచ్చుకుంది. కొబ్బరిచెట్ల మధ్య మొల లోతున గుంట తవ్వించి నాటుకుంది. ఏటా వేసవిలో గుంట అడుగంటేది. ఆవిడ నూతినీళ్ళు మోసి పోసేది. "పూలు వండుకు తింటామా?" అనేవాడు గంగరాజు. ఒక్క కడవ అందుకున్న పాపాన పోలేదు.

కలరా తగిలి ఆవిడ రెండు పూటల్లో పోయింది. నీళ్ళు పోసే దిక్కు లేక ఆ వేసవికి కలువలు సగం ఎండాయి. బతికి ఉండగా ఆవిడకు ఏమీ చెయ్యలేదని గంగరాజుకు తెలుసు. మిగిలిన సగాన్నయినా చావనివ్వకూడదనుకున్నాడు. చెరువులు తవ్వే మేస్త్రీ అబ్బులుకు కబురు పెట్టాడు.

"ఎండని గుంట కావాలిరా. రెండు నిలువుల లోతు. ఇటుక మెట్లు. కాలువ నుంచి తూము."

అబ్బులు దుంపల్ని బురదతో సహా బానల్లోకి ఎత్తి నీడన పెట్టించాడు. పూడిక మట్టి చేలోకి తోలించాడు. గుండె లోతు దిగేసరికి గవ్వలు కలిసిన నీలిమట్టి తగిలింది. చిటికెడు నాలిక మీద వేసుకుని ఉమ్మేశాడు.

"ఉప్పండి బాబుగారు. సముద్రం రెండు కోసులే గదండి. ఈ మట్టి కింద దాని ఊటుంటాదండి. ఇక్కడితో ఆపేద్దారండి."

ఇంట్లో వండిపెట్టే చెల్లెలు సంపూర్ణమ్మ గట్టు మీద నుంచి అందుకుంది. "వదిన మొల లోతు దాటనిచ్చేది కాదన్నయ్యా."

"మీ వదిన తవ్వించిన నాటికి కాలువెక్కడ ఏడ్చింది? ఆనకట్ట నీళ్ళు పైనుంచి తొక్కుతుంటే ఉప్పెలా లేస్తుందే?"

ఆ రోజుల్లో ఊళ్ళో చాలామంది అలాగే నమ్మేవారు. కాలువ వచ్చింది, ఉప్పు పీడ వదిలింది అనుకున్నారు.

"నా చేత్తో తవ్వనండి," అన్నాడు అబ్బులు, పలుగుకు అడ్డంగా నిలబడి.

గంగరాజు పంచె ఎగ్గట్టి దిగాడు. అబ్బులును పక్కకు గెంటి పలుగు అందుకున్నాడు. మూడు రోజులు తానే తవ్వాడు. కూలీలు తట్టలెత్తారు.

ఏరువాకకు కాలువ వదిలారు. గుంట నిండింది. దుంపలు మళ్ళీ నాటారు. శ్రావణానికి ఆకులు పరుచుకున్నాయి. కార్తీకానికి తెల్లగా విరగబూశాయి.

"ఏరా అబ్బులూ, నీ సముద్రం ఇంకా బయల్దేరలేదేంట్రా?" దారిలో ఎదురైతే గంగరాజు కేకేశాడు. భార్య పోయాక అతను నవ్వడం అదే మొదలు.

"రాకపోతే అంతకన్నా ఏం కావాలండి," అన్నాడు అబ్బులు.

చైత్రంలో కాలువకు నీళ్ళు కట్టేశారు. గుంటలో నీళ్ళు రోజుకింత చొప్పున దిగి, సగంలో నిలబడిపోయాయి. ఊట ఆదుకుందని గంగరాజు సంబరపడ్డాడు. వారం తిరగకుండా ఆకుల అంచులు మాడాయి. ఎండ దెబ్బ అనుకుని తాటాకు పందిరి వేయించాడు. పందిరి కింద కూడా మాడాయి.

సంపూర్ణమ్మ గుంటలో చెంబు ముంచి ఒక గుక్క నోట్లో పోసుకుంది. ఉమ్మేసి, చెంబు తెచ్చి అన్న ముందు పెట్టింది. అతను తాగాడు. ఉమ్మలేదు, మింగాడు.

మళ్ళీ అబ్బులు వచ్చాడు. "ఆ నీలిమట్టే మూతండి. మనం దాన్ని పగలగొట్టేశామండి. పైన కాలువ నీళ్ళున్నంతకాలం అణిగుంది గానీ..."

"నువ్వు నన్ను ఆపొద్దట్రా?"

"ఆపానండి. మీరు గెంటేసి దిగారండి."

గంగరాజు ఆ నీళ్ళలోకే దిగి, అడుగు బురద రెండు చేతులతో దేవాడు. ఒక్కొక్క దుంపా పైకి తీశాడు. పట్టుకుంటే చాలు, చితికి వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. గట్టిది ఒక్కటి లేదు.

"వదిన పుట్టింటి చెరువులో బోలెడున్నాయి. మనిషిని పంపిద్దాం అన్నయ్యా."

"అవి మీ వదిన నాటినవా?"

"ఎవరు నాటితే ఏంటి? కలువలు కలువలే గదా."

"అయితే నువ్వు నాటుకో."

సంపూర్ణమ్మ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్ళిపోయింది.

"చెరువుమట్టి పోసి తొక్కించి మొల లోతుకు తెద్దారండి," అన్నాడు అబ్బులు. "నాలుగు వానాకాలాలు పోతే ఉప్పు కడుక్కుపోద్దండి. అమ్మగారి గుంట అమ్మగారి గుంటలాగే ఉంటాదండి."

"మొల లోతు వద్దు. గట్టు దాకా పూడ్చు."

"మొత్తమా అండి?"

"అమ్మగారి గుంట నేను పలుగు దింపిన రోజే పోయిందిరా. ఇది నాది. పూడ్చు."

మర్నాడు పొద్దున కూలీలు మట్టి మోస్తున్నంతసేపూ గంగరాజు గట్టు మీదే నిలబడ్డాడు. ఎవరు కూర్చోమన్నా కూర్చోలేదు.