జెండా వరుసలో నాలుగో మనిషి

పంద్రాగస్టున జెండాలు పట్టుకుని కవాతు చేయడానికి నలుగురు కావాలని భార్గవి ఆఫీసు మొత్తానికీ మెయిలు పెట్టింది. రెండు వేల మంది పనిచేసే కంపెనీ. శుక్రవారం సెలవు, ఆపైన శని, ఆదివారాలు. ఇంకెవరొస్తారు? ఒకాయన మాత్రం, వస్తే బదులు సెలవిస్తారా అని అడిగాడు. దేశభక్తి అంతా వాట్సాప్ స్టేటస్‌లలోనే మరి.

భార్గవి అడ్మిన్‌లో చేరి ఆర్నెల్లే. డైరెక్టరు ముందు చేతులెత్తేస్తే పరువు పోతుంది. అందుకని గేటు దగ్గరి సెక్యూరిటీ వాళ్ల మీద పడింది. ముగ్గురు సరేనన్నారు. నాలుగో మనిషి సామ్యేలు తల గోక్కున్నాడు.

"ఆ దినం మా బిడ్డ బాప్తిస్మం మేడం. మూసాపేట చర్చిల, తొమ్మిదిన్నరకు. నెల కిందనే సెలవు అడిగి పెట్టుకున్న."

"ఎనిమిదింటికే జెండా ఎగరేస్తారండి. ఎనిమిదిన్నరకల్లా మిమ్మల్ని పంపించే పూచీ నాది."

"మీరడిగినంక ఎట్ల కాదంట మేడం," అన్నాడు సామ్యేలు.

ఆ రోజు ఎనిమిదైంది, డైరెక్టరు రాలేదు. ఎనిమిదిన్నరకు ఫోను చేస్తే ఇప్పుడే బయల్దేరుతున్నానన్నాడు మహానుభావుడు. తెల్ల గ్లవ్సులు తొడుక్కుని సామ్యేలు జెండా కర్ర నిటారుగా పట్టుకునే ఉన్నాడు. తొమ్మిది దాటింది. సామ్యేలు చోట తానే నిలబడొచ్చు కదా అని భార్గవికి తట్టకపోలేదు. చీరలో తానుంటే ఫొటోలో వరుస బాగుండదని సర్దిచెప్పుకుంది. అది తప్పని తెలుస్తూనే ఉంది. సిగ్గేసి, ఆయన వైపు చూడటం మానేసింది.

పదింటికి డైరెక్టరు వచ్చాడు, జెండా ఎగరేశాడు, కవాతు చూసి మెచ్చుకున్నాడు, లడ్డూ తిని వెళ్లిపోయాడు. భార్గవి పరుగున సామ్యేలు దగ్గరికి వెళ్లింది.

"క్యాబ్ బుక్ చేస్తాను, ఇప్పుడెళ్లినా..."

"అయిపోయింది మేడం. ఇంటామె ఫోన్ చేసింది. నీళ్లల్ల దిగేదాంక బిడ్డ నా కోసం తలుపు దిక్కే చూసిందట."

"నాదే తప్పండి. నన్ను క్షమించండి," అంది భార్గవి.

"గంత మాటెందుకు మేడం. జనవరికి గూడ నేనే పట్టుకుంట. వచ్చే నెల మా కాంట్రాక్టు రెన్యువల్ ఉన్నది గద. అండ్ల నా పేరు ఉండేటట్టు జర చూడుండ్రి."

ఆ కాంట్రాక్టుతో భార్గవికి ఏ సంబంధమూ లేదు. ఎవరిని ఉంచాలో, ఎవరిని తీసేయాలో సెక్యూరిటీ ఏజెన్సీ వాళ్లు చూసుకుంటారు. ఆ ముక్క మొదటిరోజే చెప్పి ఉంటే ఈయన ఈ పొద్దున మూసాపేటలో బిడ్డ పక్కన ఉండేవాడు.

ఇప్పుడైనా చెప్పాలనుకుంది.

"చూస్తానండి," అంది.