కంచె దాటని అదురు

ఇంకొక్క పాయింటు కొడితే బెంజమిన్ కలకత్తా పోతాడు. దేశంలోని మూడు కుషన్ల బిలియర్డ్స్ మొనగాళ్లంతా చేరేది అక్కడే. గని వర్క్‌షాపులో ఫిట్టరు. సెలవులన్నీ తగలేసి ఊరూరా ఆడి, ప్రతిసారీ ఆఖరి మెట్టు మీద జారినవాడు.

హీరాలాల్‌కూ ఒక్కటే కావాలి. ఆ హైదరాబాదు ఆటగాడు సోడా తాగుతూ కూర్చున్నాడు. బెంజమిన్‌కు కూర్చోవడం చేతకాదు. బల్ల చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు.

"కూసోవయ్యా! బల్లకు దిష్టి తీస్తున్నవా?" కిటికీ బయటి నుంచి అతని భార్య హెప్సిబా. కార్మికుల ఆడవాళ్లకు క్లబ్బులోకి ప్రవేశం లేదు. సిగ్గులేని రూలు. గని కంచె పక్కనున్న కార్మికుల గూడెం జనమంతా ఆ కిటికీ దగ్గరే.

ఈ బల్లకు జేబులుండవు. మన బంతి ఒక బంతిని తాకి, అంచుల్లోని కుషన్లకు మూడుసార్లు కొట్టుకుని, రెండో బంతిని ముట్టాలి. బెంజమిన్ కొట్టాడు. ఒకటి, రెండు, మూడు. బంతి, ముట్టాల్సిన ఎర్రబంతి ముందు వెంట్రుకవాసిలో ఆగిపోయింది.

అప్పుడే గనిలో బ్లాస్టింగ్ మందు పేలింది. కిటికీలు గలగలలాడాయి. ఆగిన బంతి కదిలి ఎర్రదాన్ని ముట్టింది.

"ఇదేంటి, అదురా?" రెఫరీ అడిగాడు. ఊరికి కొత్త.

క్లబ్బు సెక్రటరీ రాందాసు ముందుకొచ్చాడు. బ్లాస్టింగ్ ఇన్‌చార్జి కూడా ఆయనే. గూడెంలో గోడలు పగిలితే, "మా అదురు కంచె దాటదు, మీ గోడలే మెత్తన" అని ఎంక్వైరీలో చెప్పినవాడు. గూడెం కన్నా క్లబ్బే గనికి దూరం. ఇక్కడ అదిరిందంటే అక్కడా అదిరినట్టే.

"అదురేం లేదు. బంతి దానంతటదే దొర్లింది. బెంజమిన్ గెలిచాడు!"

వర్క్‌షాపు వాళ్లు ఈలలేశారు. "అరె, కిటికీలు మోగినయ్ గదా భాయ్!" అని లేచాడు హీరాలాల్.

బెంజమిన్ కిటికీ వైపు చూశాడు. గూడెంలో తమ ఇంటి గోడ పగులులో చెయ్యి దూరుతుంది. వాన పడితే పిల్లల్ని ఆ గోడకు దూరంగా పడుకోబెడతారు.

"నా దిక్కేం జూస్తవ్? ఆడింది నువ్వు, నువ్వే చెప్పు," అంది హెప్సిబా.

బెంజమిన్ బల్ల చుట్టూ ఇంకో చుట్టు తిరిగాడు. రెఫరీ ముందు ఆగాడు.

"అదురే సారూ. నా బంతి ఆగింది. అదురొచ్చి దొబ్బింది. గా పాయింటు నాది కాదు. గా మాట జెర గట్టిగ జెప్పుండ్రి, బయటోళ్లకు ఇనబడాలె."

"ఉత్తగా గెలుస్తుంటే నీకేం పోయేకాలం రా!" రాందాసు పళ్లు కొరికాడు.

రెఫరీ గొంతెత్తాడు. "బ్లాస్టింగ్ అదురుకు బంతి కదిలింది. పాయింటు లేదు. హీరాలాల్ వంతు."

బంతిని వెనక్కి పెట్టారు. హీరాలాల్ కొట్టాడు. తప్పలేదు.

బెంజమిన్ క్యూ కర్ర పట్టుకుని బయటికొచ్చాడు. అతని కోసం ఎవరూ ఆగలేదు. గూడెం వాళ్లంతా రెఫరీ జీపుకు అడ్డం పడి ఉన్నారు, ముందు హెప్సిబా.

"సారూ, గా అదురు మాట ఇంకోసారి అనుండ్రి. మా గోడకాడికొచ్చి అనుండ్రి."